చనిపోయాడు అన్నవారు, చనిపోయింది అన్నవారు

సినిమా పూర్తయి దీపాలు వెలిగాక, ప్రేక్షకులు ఇంకా కుర్చీల్లోంచి లేవకముందు పక్కవారితో అనుకునే మొదటి నాలుగు మాటలను నేను చాలాకాలంగా శ్రద్ధగా వింటున్నాను. ఇంటికి వెళ్లి తీరిగ్గా రాసే అభిప్రాయాల్లో ఆలోచన ఉంటుంది, జాగ్రత్త ఉంటుంది. ఆ మొదటి మాటల్లో మాత్రం మనసు ఉన్నది ఉన్నట్టుగా బయటపడుతుంది. కొన్నేళ్ల క్రితం, సినిమా అంటే ప్రాణం పెట్టే ఓ పాతికమంది కలిసి 'బాయ్స్ డోంట్ క్రై' చూసినప్పుడు వారిలో నేనూ ఉన్నాను. చివరి దృశ్యం అయ్యేసరికి చాలామంది కళ్లు తుడుచుకుంటున్నారు. నా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన గద్గదమైన గొంతుతో "పాపం, ఎంత దారుణంగా చనిపోయింది" అన్నారు. పక్కనే ఉన్న యువకుడు కాసేపు ఆగి, మెల్లగా, "చనిపోయాడు" అన్నాడు. పెద్దాయనకు అర్థం కాలేదు. "అదేనయ్యా, నేనూ అదే కదా అంటున్నాను" అన్నారు.

ఆయన మాటలో ద్వేషం లేదు. దాదాపు రెండు గంటలపాటు ఆ కుర్రాడి వెంట నడిచి, అతని కోసం నిజంగా ఏడ్చిన మనిషి ఆయన. అయినా ఆ కన్నీటితో పాటు నోటికి వచ్చిన క్రియాపదం, ఆ కుర్రాడు బతికినన్నాళ్లూ దేనికోసం పెనుగులాడాడో దాన్ని ఒక్క అక్షరంతో తుడిచేసింది. ఈ సినిమా గురించీ, ఇలాంటి మరికొన్ని సినిమాల గురించీ అభిమానులు మాట్లాడుకునే మాటలను అప్పటినుంచి నేను ఆ క్రియాపదం దగ్గరే నిలబడి వింటున్నాను.

కథ తెలియనివారి కోసం కొంత చెప్పాలి. 1999లో కింబర్లీ పియర్స్ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రానికి ఆధారం అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో జరిగిన నిజ సంఘటన. బ్రాండన్ టీనా పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, వయసు వచ్చాక అబ్బాయిగా బతకడం మొదలుపెట్టినవాడు. లింకన్ నగరం నుంచి ఫాల్స్ సిటీ అనే చిన్న పట్టణానికి వెళ్లి, అక్కడ స్నేహితులను సంపాదించుకున్నాడు, లానా అనే అమ్మాయిని ప్రేమించాడు. అతని శరీరం సంగతి బయటపడ్డాక ఆ స్నేహితుల్లోనే ఇద్దరు అతనిపై అత్యాచారం చేశారు. అతను ధైర్యం చేసి ఫిర్యాదు చేశాడు. నిందితులను అరెస్టు చేయలేదు. వారం తిరిగేసరికి, 1993 డిసెంబర్ 31న, ఆ ఇద్దరే వచ్చి అతన్ని చంపేశారు. అప్పటికి అతనికి 21 ఏళ్లు.

ఈ కథను ఇంగ్లిష్‌లో చెప్పేవారికి పేచీ అంతా సర్వనామం దగ్గరే ఉంటుంది. తెలుగులో సర్వనామం వాడకుండా ఎంతసేపైనా మాట్లాడగలం, క్రియను మాత్రం తప్పించుకోలేము. వచ్చాడు, నవ్వాడు, భయపడ్డాడు అనాలి; లేదంటే వచ్చింది, నవ్వింది, భయపడింది అనాలి. అంటే ఈ సినిమా కథను మరొకరికి చెప్పబోయిన ప్రతి తెలుగు ప్రేక్షకుడూ, తెలిసో తెలియకో, వాక్యం వాక్యానికీ ఒక తీర్పు ఇస్తూనే ఉంటాడు. బడిలో మహద్వాచకం (మగవారిని తెలిపే మాట), అమహద్వాచకం (జంతువులు, వస్తువుల వంటివాటిని తెలిపే మాట) అని చదువుకున్న పాఠం ఇక్కడ గుర్తుకు వస్తుంది. మన వ్యాకరణంలో స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతో, బహువచనంలో మహత్తుతో చేరుతుంది. 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అన్నప్పుడు క్రియ ఒక్కటే. కన్నడంలోనూ తమిళంలోనూ స్త్రీకి ప్రత్యేకమైన క్రియారూపం ఉంది, మనకు లేదు. అందువల్ల బ్రాండన్‌లాంటి ఒక ట్రాన్స్ పురుషుడి గురించి తెలుగులో 'వచ్చింది' అన్నప్పుడు వినేవాడికి రెండు గాయాలు తగిలే వీలుంది: తనను మగవాడిగా ఒప్పుకోకపోవడం ఒకటి, మనుషుల వరుసలోంచే తప్పించినట్టు వినిపించడం రెండోది.

ఆ రోజు మా చర్చలో ఈ ఇబ్బందిని గమనించిన కొందరు 'చనిపోయారు' అనడం మొదలుపెట్టారు. గౌరవ బహువచనం మంచి ఆశ్రయమే. ఎవరినీ నొప్పించదు, ఏ తీర్పూ ఇవ్వదు. దర్శకుల గురించి రాసేటప్పుడు నేనూ దాన్నే వాడుతున్నాను, ఎందుకంటే పియర్స్ తమను తాము స్త్రీ, పురుషుడు అన్న విభజనలో ఇమడని వ్యక్తిగా చెప్పుకున్నారు. కానీ బ్రాండన్ విషయంలో ఆ 'రు' నాకు కాస్త దూరంగా వినిపిస్తుంది. సినిమా మొదటి గంటలో ఆ కుర్రాడి ముఖంలో కనిపించే దాహం గౌరవం కోసం కాదు. భుజం మీద చెయ్యి వేసి "ఒరేయ్, రారా" అని పిలిపించుకోవాలని అతని ఆశ. పరుగెత్తే ట్రక్కు వెనుక నిలబడి, తాడు పట్టుకుని దుమ్ములో జారిపోయే ఆ పిచ్చి పందెంలో అతను పడి, లేచి, మళ్లీ ఎక్కేది ఆ పిలుపు కోసమే. వాళ్లలో ఒకడిగా దెబ్బ తగిలించుకోవడం కూడా అతనికి సంతోషమే.

ఈ పేచీ సినిమా చూసినవారితో మొదలైనది కాదు. అతని ఫిర్యాదును విచారించిన షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి), అతని సోదరితో మాట్లాడుతూ అతన్ని 'అది' అని ప్రస్తావించాడన్న సాక్ష్యం కోర్టు రికార్డుల్లోకి ఎక్కింది. బ్రాండన్ తల్లి ఆ షెరీఫ్ మీదా, కౌంటీ మీదా వేసిన దావాలో కింది కోర్టు పరిహారాన్ని భారీగా తగ్గించగా, నెబ్రాస్కా సుప్రీంకోర్టు 2001లో ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి, ఆ షెరీఫ్ విచారించిన తీరును కూడా తీవ్రంగా తప్పుపట్టింది. సినిమాకు ఏడాది ముందు, 1998లో వచ్చిన డాక్యుమెంటరీ 'ది బ్రాండన్ టీనా స్టోరీ'లో ఆ విచారణ శబ్దరికార్డును వినవచ్చు. అప్పుడే అత్యాచారానికి గురై వచ్చిన మనిషిని అడుగుతున్న ఆ ప్రశ్నలు విన్నాక, కల్పిత చిత్రంలోని దృశ్యం మెత్తగా తోస్తుంది.

2000 మార్చిలో, బ్రాండన్ పాత్ర పోషించిన హిలరీ స్వాంక్ ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంటూ బ్రాండన్‌కు కృతజ్ఞతలు చెప్పారు, పురుష సర్వనామంతోనే చెప్పారు. అది చూసి హర్షించిన అభిమానులు ఎందరో ఉన్నారు. బ్రాండన్ తల్లికి మాత్రం ఆ ప్రసంగం బాధ కలిగించింది. తన బిడ్డ ఆమెకు కూతురే. అతని సమాధి రాతి మీద ఈనాటికీ పుట్టినప్పటి పేరు ఉంటుంది, దాని కింద కూతురు, సోదరి, స్నేహితురాలు అన్న అర్థం వచ్చే మాటలు ఉంటాయి. ఈ సంగతి తెలిసిన ప్రేక్షకుల్లో కొందరు ఆ తల్లిని తీవ్రంగా నిందించడం విన్నాను. నాకు ఆ రాతి మీది మాటలు తప్పుగానే తోస్తాయి. అయినా, హత్యకు గురైన బిడ్డను పూడ్చిన ఒక తల్లి దుఃఖాన్ని తూచడానికి నా నోరు రాదు.

ఇక అభిమానుల మెప్పుకోలు గురించి. నటన బాగుందనడానికి మన భాషలో అన్నింటికన్నా పెద్ద మాట 'పరకాయ ప్రవేశం'. స్వాంక్ గురించి మాట్లాడిన దాదాపు ప్రతివారి నోటా ఆ రోజు నేను ఈ మాటే విన్నాను. ఆమె ఆ పాత్ర కోసం జుట్టు కత్తిరించుకుని, ఛాతీకి కట్టు కట్టుకుని, నెలరోజుల పాటు మగవాడిగా తిరిగారనీ, ఆ వచ్చిపోయే కుర్రాడు ఆమె తమ్ముడేమోనని ఇరుగుపొరుగు అనుకున్నారనీ, ఇంత చేసినందుకు ఆమెకు దక్కిన పారితోషికం సుమారు 3,000 డాలర్లేననీ అభిమానులు కథలుకథలుగా చెప్పుకుంటారు. నటన నిజంగానే గొప్పది. మొదటిసారి అబ్బాయిగా స్కేటింగ్ రింక్‌లోకి అడుగుపెట్టినప్పుడు ఆ ముఖం మీద మెరిసే భయమూ ఆనందమూ కలిసిన వెలుగును నేను ఎన్నటికీ మరిచిపోలేను.

కానీ ఆ పొగడ్త వెనుక ఉన్న వాక్యాన్ని ఒక్కసారి పూర్తిగా చెప్పుకుంటే ఏమవుతుందో చూడండి. "ఆడపిల్ల అయి ఉండి, మగవాడి వేషం ఎంత బాగా వేసింది!" సినిమాలో బ్రాండన్‌ను చంపినవారు అతని మీద మోపిన నేరం సరిగ్గా ఇదే. ఆడపిల్ల అయి ఉండి మగవాడి వేషం వేసి మమ్మల్ని మోసం చేసింది అన్నదే వారి కోపం. మనం చప్పట్లు కొట్టినదీ, వారు తుపాకీ ఎత్తినదీ ఒకే వాక్యానికి. నటిని పొగిడే తొందరలో ప్రేక్షకుడు పాత్రను నమ్మడం మానేస్తాడు. తెర మీద ఒక మగవాడు ఉన్నాడని కాక, తెర మీద ఒక స్త్రీ మగవాడిగా కనిపిస్తోందని చూస్తాడు. అలా చూసినవాడికి చివరి అరగంటలో జరిగే హింస ఘోరంగా అనిపిస్తుందే కానీ, బట్టలు విప్పించి 'నిజం' తేల్చే ఆ స్నానాలగది దృశ్యం వెనుక ఉన్న తర్కం మాత్రం మనసులో ఏ మూలో సరిగ్గానే అనిపిస్తుంది. అభిమానుల కన్నీళ్లు నాకు తక్కువ అనిపించి ఈ మాట చెప్పడం లేదు. అదే మాట నేనూ వాడాను, ఇంటికి వచ్చి ఆలోచించుకున్నాక చాలా కలత చెందాను.

సినిమాయే కొంతవరకు ఈ దారి చూపించిందన్న విమర్శ కూడా ఉంది. అత్యాచారం తరువాత వచ్చే ప్రేమ సన్నివేశంలో లానా అతన్ని చూసే చూపు మారుతుంది, అమ్మాయిల అందాన్ని మెచ్చుకునే మాటతో అతన్ని మెచ్చుకుంటుంది. అప్పటిదాకా బ్రాండన్ తనను తాను చూసుకున్న చూపుతోనే ప్రేక్షకుడిని నడిపించిన సినిమా, అక్కడ ఆ చూపును వదిలేసిందని అమెరికా విమర్శకులు జాక్ హాల్బర్‌స్టామ్ రాశారు. నాకు ఈ విమర్శ న్యాయంగానే తోచింది. మా ముందు వరుస పెద్దాయన క్రియాపదం బహుశా ఆ సన్నివేశం దగ్గరే మారి ఉంటుంది.

పదహారేళ్ల తరువాత 'ది డేనిష్ గర్ల్' వచ్చినప్పుడు చర్చ మరో మలుపు తిరిగింది. 1931లో డ్రెస్డెన్‌లో శస్త్రచికిత్స అనంతరం మరణించిన డెన్మార్క్ చిత్రకారిణి, ట్రాన్స్ మహిళ లిలీ ఎల్బే పాత్రను బ్రిటిష్ నటుడు ఎడీ రెడ్‌మేన్ పోషించారు. 2015లో అభిమానుల నోట మళ్లీ అదే పరకాయ ప్రవేశం, మళ్లీ అవే కన్నీళ్లు. ఆస్కార్‌కు నామినేషన్ కూడా వచ్చింది. 2021లో రెడ్‌మేన్ ఒక ఇంటర్వ్యూలో, మంచి ఉద్దేశంతోనే చేసినా ఆ పాత్ర తీసుకోవడం పొరపాటనీ, ఇప్పుడైతే ఒప్పుకోననీ అన్నారు. దీనిపై అభిమానులు రెండుగా చీలారు. నటన అంటేనే తనది కాని బతుకును బతకడం కదా, రాజు పాత్రకు రాజునే తెస్తామా అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా కొట్టిపారేయను. అయితే రాజును ఎవరూ వీధిలో నిలబెట్టి "నువ్వు నిజంగా రాజువేనా, చూపించు" అని అడగరు. ట్రాన్స్ మహిళ పాత్రలో మగ నటుడు కనిపించి, బహుమతుల వేదిక మీదికి గడ్డంతో, సూటుతో వచ్చినప్పుడు, "చూశారా, లోపల ఉన్నది మగవాడే" అన్న నమ్మకం ప్రేక్షకుడిలో ఎవరూ చెప్పకుండానే గట్టిపడుతుంది. స్వాంక్ గౌను ధరించి ఆస్కార్ వేదిక ఎక్కినప్పుడు కలిగిన ఊరట కూడా అలాంటిదే. పాత్రధారి తన 'అసలు' రూపంలోకి తిరిగి వచ్చేసరికి, పాత్రకు కూడా అసలు రూపం వేరే ఉందన్న భావన మిగిలిపోతుంది.

ఇదే సందర్భంలో ఒక కన్నడ చిత్రం పేరు చెప్పక తప్పదు. ట్రాన్స్ మహిళ లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ ఆధారంగా బి.ఎస్. లింగదేవరు తీసిన 'నాను అవనల్ల... అవళు'. నేను 'అతను' కాదు, 'ఆమె'ను అని దాని అర్థం. పేచీ మొత్తం పేరులోనే ఉంది. ఆ పాత్రకు సంచారి విజయ్‌కు ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం వచ్చింది, నటన ఆ గౌరవానికి తగినదే. అయినా 'అవళు' అని నొక్కి చెప్పిన పాత్రకు వచ్చిన బహుమతి ఉత్తమ నటుడి విభాగంలో నమోదైంది. అందులో ఎవరి తప్పూ లేదు. ఆ పాత్రను పోషించినవారు పురుషుడు కాబట్టి అలాగే నమోదు కావాలి. నాకు మాత్రం ఆ వార్త చదివిన ప్రతిసారీ ఆ పేరులోని మూడు చుక్కల దగ్గర మనసు ఆగిపోతుంది.

మరణం గురించి కూడా మాట్లాడాలి. ఈ సినిమాల అభిమానులను 'మీకు బాగా గుర్తున్న దృశ్యం ఏది' అని అడిగి చూడండి. తొంభై పాళ్లు చావునో, దెబ్బలనో, రక్తాన్నో చెబుతారు. అమెరికా సినీ చరిత్రకారుడు వీటో రస్సో 1981లో రాసిన 'ది సెల్యులాయిడ్ క్లోసెట్' పుస్తకం చివర, స్వలింగ ప్రేమికులైన పాత్రలు తెర మీద ఎలా ఎలా చనిపోయాయో ఒక జాబితా ఇచ్చారు. ఉరి, కత్తి, తుపాకీ, ఆత్మహత్య అంటూ వరుసగా సాగే ఆ జాబితాను చదువుతుంటే, ఇలాంటి పాత్ర తెర మీదికి రాగానే దాని చావు కోసం మనల్ని దశాబ్దాలుగా తయారు చేశారని అర్థమవుతుంది. 2018లో కాన్ చలనచిత్రోత్సవంలో పురస్కారాలు అందుకున్న బెల్జియం చిత్రం 'గర్ల్' విషయంలోనూ ఇదే జరిగింది. బాలే నేర్చుకునే ఒక ట్రాన్స్ అమ్మాయి కథ అది. సాధారణ ప్రేక్షకులు చివరి దృశ్యాన్ని చూసి ఊపిరి బిగబట్టామన్నారు. ట్రాన్స్ విమర్శకుల్లో పలువురు, కెమెరా ఆ పిల్ల శరీరం మీద నుంచి కదలకపోవడాన్నీ, ఆమె తనను తాను గాయపరచుకునే దృశ్యాన్నీ గట్టిగా తప్పుపట్టారు. ఆ కథకు ప్రేరణ అయిన నర్తకి మాత్రం అది తన అనుభవమేనని సినిమాను సమర్థించారు. ఒకే అనుభవం ఉన్నవారంతా ఒకే మాట మాట్లాడాలని కోరుకోవడం మన బద్ధకమేనని నాకు ఆ వివాదం చెప్పింది.

'బాయ్స్ డోంట్ క్రై'కి అమెరికా రేటింగ్ బోర్డు మొదట కఠినమైన పెద్దల ముద్ర వేసింది. దాన్ని తగ్గించుకోవడానికి జరిగిన చర్చల గురించి పియర్స్ తరువాత ఒక డాక్యుమెంటరీలో వివరించారు. ప్రేమ సన్నివేశంలో లానా పొందే ఆనందం మరీ ఎక్కువసేపు కనిపిస్తోందన్నది బోర్డు అభ్యంతరాల్లో ఒకటి. తలలోకి తుపాకీ పేల్చే దృశ్యం గురించి మాత్రం వారికి ఇబ్బంది కలగలేదు. ఈ సంగతి తెలిసినప్పుడు ప్రేక్షకుల జ్ఞాపకంలో చావే ఎందుకు మిగులుతుందో నాకు కొంత అర్థమైంది. ఆనందాన్ని కత్తిరించి, మరణాన్ని పూర్తిగా చూపించమన్నప్పుడు గుర్తుండేది మరణమే కదా.

ఆ మరణంలోనూ అందరికీ చోటు దక్కలేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో హత్యకు గురైనవారు ముగ్గురు: బ్రాండన్, అతనికి ఆశ్రయం ఇచ్చిన లీసా లాంబర్ట్, అతిథిగా వచ్చి ఉన్న ఫిలిప్ డివైన్ అనే నల్లజాతి యువకుడు. సినిమాలో ఇద్దరే చనిపోతారు. డివైన్ ఉనికే లేదు. నేను మాట్లాడిన అభిమానుల్లో ఈ సంగతి తెలిసినవారు చాలా తక్కువ, తెలిశాక ఏమీ అనలేక మౌనంగా ఉండిపోయినవారు ఎక్కువ. కథను ఒక ప్రేమకథగా బిగించడానికి కొన్ని పాత్రలను వదలక తప్పలేదని సమర్థించేవారు ఉన్నారు. ఏ కథకైనా కత్తిరింపు తప్పదని నేనూ ఒప్పుకుంటాను. హత్యకు గురైన ఒక మనిషిని కత్తిరించడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఒక మనిషిని ఉన్నవాడిని ఉన్నట్టుగా చూడమని అడిగే సినిమా అదే రాత్రి ప్రాణం పోగొట్టుకున్న మరొక మనిషిని చూడకపోవడం నన్ను ఎన్నిసార్లు చూసినా బాధిస్తుంది.

2016లో అమెరికాలోని రీడ్ కాలేజీలో ఈ సినిమా ప్రదర్శనకు వచ్చిన పియర్స్‌ను కొందరు విద్యార్థులు పోస్టర్లతో, కేకలతో అడ్డుకున్నారు. ట్రాన్స్ పాత్రను ట్రాన్స్ నటుడికి ఇవ్వలేదనీ, ఒక ట్రాన్స్ మనిషి మీద జరిగిన హింసను అమ్ముకున్నారనీ వారి ఆరోపణ. ఆ కోపానికి కారణాలు నాకు అర్థమవుతాయి, వాటిలో కొన్నింటిని పైన నేనే చెప్పాను. అయినా ఆ రోజు జరిగిన తీరు నాకు నచ్చలేదు. సుమారు 20 లక్షల డాలర్ల చిన్న బడ్జెట్‌తో, ఏళ్ల తరబడి ఈ కథ వెంట తిరిగి, ట్రాన్స్ నటులను కూడా పరీక్షించి చూసి, ఎవరూ ముట్టుకోని రోజుల్లో తీసిన మనిషి వారు. ఆ సినిమా రాకపోతే బ్రాండన్ పేరు ఒక పాత నేరవార్తగా మిగిలి ఉండేదేమో. 2019లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారపు జాబితాలో దానికి చోటు దక్కినప్పుడు నేను సంతోషించాను. ప్రేమించిన సినిమాలో తప్పులు చూడగలగడం, తప్పులున్న సినిమాను ప్రేమించగలగడం రెండూ ఒకే మనసుకు సాధ్యమేనని నా అనుభవం.

ఆ తరువాత మా బృందం చిలీ చిత్రం 'ఎ ఫెంటాస్టిక్ వుమన్' కూడా చూసింది. ప్రధాన పాత్రధారిణి డానియెలా వేగా స్వయంగా ట్రాన్స్ మహిళ. 2018లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ అందుకున్న ఆ సినిమాలో ఆమె పాత్ర చావదు. ఆమె ప్రేమించిన మనిషి చనిపోతాడు, అతని కుటుంబం ఆమెను అంత్యక్రియలకు కూడా రానివ్వదు, ఆమె తన దుఃఖం కోసం కొట్లాడుతుంది. సినిమా అయ్యాక ఎవరూ ఏడవలేదు. "బాగుంది కానీ అంతగా కదిలించలేదు" అన్నారు ఒకరిద్దరు. ఆ మాట నన్ను చాలాసేపు వదలలేదు. కానీ ఆ రోజు ఒక్కరు కూడా క్రియాపదం తడబడలేదు. 'వచ్చింది, పాడింది, ఎదురు తిరిగింది' అని ఎంతో సహజంగా, ఒక స్త్రీ గురించి మాట్లాడినట్టే మాట్లాడారు. పరకాయ ప్రవేశం అన్న మాటే ఎవరి నోటా రాలేదు.

మొదటి ప్రదర్శన రోజు "చనిపోయాడు" అని సరిదిద్దిన ఆ యువకుడితో నాకు తరువాత స్నేహం కుదిరింది. తానూ ట్రాన్స్ పురుషుడినేనని చాలా నెలల తరువాత నాతో చెప్పాడు. అతను ఆ సినిమాను ఎన్నోసార్లు చూశాడు, కానీ మొత్తంగా చూసింది ఆ ఒక్కసారే. నిరుడు ఇద్దరం కలిసి మళ్లీ చూశాము. రోజు మొదలుకాకముందే లేచి అద్దం ముందు తల దువ్వుకునే బ్రాండన్‌ను చూసి అతను నవ్వాడు. ట్రక్కు వెనుక పందెం దగ్గర ముందుకు వంగి కూర్చున్నాడు. లానా పాట పాడుతుంటే బ్రాండన్ ఆమెను చూస్తూ నిలబడిపోయే దగ్గర, ఈ ముఖం నాకు తెలుసు, ఇది నా ముఖమే అన్నాడు. స్నానాలగది దృశ్యం రాబోతుందనగా ఆపేశాడు.

నాకు తెలుగులో ఒక సంగతి తట్టింది అన్నాడు. 'నేను వచ్చాను' అన్నప్పుడు ఆడా మగా లేదు. 'నువ్వు వచ్చావు' అన్నప్పుడూ లేదు. హిందీలో తన గురించి తాను చెప్పుకోవాలన్నా తేల్చి చెప్పాలి, మనకు ఆ అవసరం లేదు. మనిషి ఎదుట లేనప్పుడు, మూడో మనిషితో అతని గురించి చెప్పేటప్పుడే క్రియకు ఆ తోక వస్తుంది. అతను ఇంట్లో ఉన్నంతసేపు అమ్మ "తిన్నావా, పడుకున్నావా" అంటుందట. గుమ్మం దాటాక వదినతో ఏమంటుందో అతనికి తెలుసట. ఇన్నాళ్లు తెలుగు రాస్తూ నేను ఈ సంగతి గమనించనే లేదు.

అప్పుడు అతను సినిమాను ముందుకు జరిపి, చివరి రెండు నిమిషాల దగ్గర మళ్లీ వదిలాడు. తెల్లవారుతున్న రోడ్డు, కారులో లానా, బ్రాండన్ ఆమెకు రాసి ఉంచిన ఉత్తరం. దాన్ని బ్రాండన్ గొంతే చదువుతుంది. భయంగా ఉంది, కానీ నిన్ను తలచుకుంటే ముందుకు వెళ్లగలననిపిస్తుంది, నీకోసం ఎదురుచూస్తూ ఉంటాను అంటూ సాగుతుంది. ఆ ఉత్తరం నిండా 'నేను', 'నువ్వు' తప్ప మరొకరు లేరు. అతను దాన్ని వింటూ, ప్రతి వాక్యాన్నీ నాకోసం మెల్లగా తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాడు.